పైకప్పు మీది అంకె: మోటార్‌హోమ్‌లు తయారు చేసేవారికి బహిరంగ లేఖ

మోటార్‌హోమ్‌లు, క్యాంపర్ వ్యాన్‌లు తయారు చేసే సంస్థల వారికి, వాటి పైకప్పుల నక్షలు గీసే ఇంజనీర్లకు,

నమస్కారం.

మీ కరపత్రాల్లో సోలార్ ప్యానెళ్ల బొమ్మ పక్కన ఒక అంకె ఉంటుంది. మేం కొన్న బండికి ఆ అంకె 400 వాట్లు. దాని కిందే, ఈ బండి ఉంటే ఎక్కడైనా, ఎన్నాళ్లయినా ఉండవచ్చన్న మాట. మా ఆయనా నేనూ ఆ రెండూ నమ్మి అద్దె ఇల్లు ఖాళీ చేశాం. సామాను అయినవాళ్లకు పంచేశాం. నాలుగేళ్లుగా ఆ బండే మా ఇల్లు. కరెంటంతా ఆ పైకప్పు నుంచే.

ఈ బతుకంటే నాకు ఇష్టం. జనరేటర్ మోత లేకుండా తెల్లారడం, ఎండ ఎక్కేకొద్దీ బ్యాటరీ నిండుతుంటే చూస్తూ కూర్చోవడం, ఏ తీగా తగిలించుకోకుండా వారం రోజులు ఒకేచోట ఉండగలగడం, ఇవన్నీ మీ బండి ఇచ్చినవే. అలిగి రాస్తున్న ఉత్తరం అనుకోకండి. ఈ ఇల్లు ఇంకా బాగా కట్టవచ్చని, నాలుగేళ్ల లెక్కలు ముందు పెట్టుకుని చెబుతున్నాను. మొదటి నెల నుంచీ రోజూ సాయంత్రం, ఆ రోజు పైకప్పు ఎంత ఇచ్చిందో, ప్యానెళ్ల కరెంటును బ్యాటరీకి ఎక్కించే కంట్రోలర్‌లో చూసి నోటు పుస్తకంలో రాస్తున్నాను. కిందటి నెల మూడో పుస్తకం నిండింది.

ముందు ఒక రాత్రి సంగతి చెప్పాలి. మొదటి ఏడాది వేసవి చివర ముసురు పట్టుకుంది. మూడు రోజులు ఎండ పొడ లేదు, ఉక్క మాత్రం తగ్గలేదు. మూడో రాత్రి రెండు గంటలప్పుడు బ్యాటరీ వోల్టేజీ పడిపోయి అలారం మోగింది. మా ఆయనకి చక్కెర వ్యాధి. నిల్వ ఉంచే ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. అది బండిలోని ఫ్రిజ్‌లో ఉంది. ఫ్రిజ్ ఒక్కటి వదిలి మిగతావన్నీ ఆపేశాను. లైట్లు, నీళ్ల పంపు, ఫ్యాను, ఫోన్ల ఛార్జింగ్, అన్నీ. ఫ్రిజ్ కంప్రెసర్ ఆగి ఉన్న సమయంలో కూడా మీటరు రెండు ఆంపియర్లకు పైన చూపిస్తూనే ఉంది. టార్చి పట్టుకుని వెతగ్గా వెతగ్గా తేలింది, అది ఇన్వర్టర్. దానికి అప్పుడు ఏ వస్తువూ తగిలించి లేదు. ఊరికే ఆన్‌లో ఉండటానికే 25 వాట్లు తీసుకుంటోంది.

25 వాట్లంటే చిన్న బల్బంత. కానీ రోజుకు 24 గంటలు. లెక్క కడితే 0.6 యూనిట్లు. మీరిచ్చిన బ్యాటరీలు 100 ఆంపియర్ అవర్ల లెడ్ యాసిడ్‌వి రెండు. కాగితం మీద అవి 2.4 యూనిట్లు. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి వాడితే దాని ఆయుష్షు త్వరగా తరిగిపోతుంది కాబట్టి నిజంగా చేతికొచ్చేది 1.2 యూనిట్లు. అందులో సగం రోజూ ఏ పనీ చేయని ఇన్వర్టర్‌కే పోతోంది. మా ఫ్రిజ్ నేరుగా 12 వోల్టుల మీద నడిచేదే, దానికి ఇన్వర్టర్‌తో పనే లేదు. ఇన్వర్టర్ ఆపే స్విచ్చి ఎక్కడుందంటే మంచం కింద, సామాను పెట్టే అర లోపల, గోడ వైపు. ఆ రాత్రి పరుపెత్తి, పెట్టెలు బయటికి లాగి, బోర్లా పడుకుని ఆ స్విచ్చి నొక్కాను. తెల్లారేదాకా ఫ్రిజ్ ఆగలేదు.

ఆ స్విచ్చి తలుపు పక్కన ఉండాల్సింది. ఇన్వర్టర్ ఊరికే ఎంత తింటుందో మీ కరపత్రంలో ఉండాల్సింది. ఈ రెంటికీ మీకు పెద్ద ఖర్చు ఉండదు.

ఇక ఆ 400 దగ్గరికి వస్తాను. ఆ అంకె అబద్ధం కాదు. ప్రతి ప్యానెల్‌నీ పరీక్షించే పద్ధతి ఒకటి ఉంది: చదరపు మీటరుకు 1000 వాట్ల వెలుతురు, ప్యానెల్ లోపలి సెల్ వేడి 25 డిగ్రీలు. ఆ పరీక్షలో అది 400 ఇస్తుంది. కానీ మండుటెండలో పైకప్పు మీద సెల్ వేడి 60 డిగ్రీలు సులువుగా దాటుతుంది. 25 దాటాక పెరిగే ఒక్కో డిగ్రీకీ సిలికాన్ ప్యానెల్ శక్తి 0.3 నుంచి 0.4 శాతం దాకా తగ్గుతుంది. అంటే ఎండ బాగా కాసే రోజునే పదిహేను శాతం దాకా వేడికి పోతుంది. ప్యానెల్ కింద వేలెడు సందు వదిలి బిగిస్తే గాలి ఆడి కొంత చల్లబడుతుంది. మీరు వంగే ప్యానెళ్లను జిగురుతో నేరుగా రేకు మీద అంటించారు. చూడ్డానికి నున్నగా అందంగా ఉంది, నిజమే. కానీ గాలి పోయే దారి లేదు.

పైగా వాట్లతో మాకు పని లేదు, మాకు కావలసింది రోజుకు ఎన్ని యూనిట్లన్నది. కొనేవారెవరూ ఇది అడగరని మీరంటారు. అడగాలని వాళ్లకు తెలియదు. నాకూ తెలియలేదు. ఇల్లు కొనేవాడు బావిలో నీళ్లు ఎంత లోతులో ఉన్నాయని అడుగుతాడు, వేసవిలో ఎండుతుందా అని అడుగుతాడు. పైకప్పు కూడా మాకు బావిలాంటిదే. మీరు బావికి బిగించిన మోటారు సైజు చెప్పి ఊరుకుంటున్నారు.

నా పుస్తకాల్లో ఉన్నది ఇది. మంచి వేసవి రోజున మా పైకప్పు 1.6, 1.7 యూనిట్లు ఇచ్చింది. మా వాడకం పొదుపుగా ఉంటే 1.3: ఫ్రిజ్‌కి 0.6, ఇద్దరి లాప్‌టాప్‌లకూ ఫోన్లకూ 0.4, మిగతాది ఫ్యాను, లైట్లు, పంపు, ఇంటర్నెట్ రౌటర్. వేసవిలో హాయిగా గడిచింది. అదే మొదటి చలికాలం నడిమి నెలలో రోజుకు సగటున 0.35. మబ్బు పట్టిన రోజుల్లో 0.1 కూడా రాలేదు. బండి అదే, ప్యానెళ్లు అవే, కరపత్రంలో అంకె అదే 400.

ఎందుకు అంతగా పడిపోతుందో మీ ఇంజనీర్లకు నేను చెప్పాల్సిన పని లేదు, కానీ ఈ ఉత్తరం కొనబోయేవాళ్లూ చదువుతారు. చలికాలంలో పగలు పొట్టి అన్నది ఒక్కటే కారణమైతే ఇంత తేడా రాదు. 45 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర డిసెంబరు 21, 22 తేదీల్లో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 22 డిగ్రీల ఎత్తు దాటడు. పడుకుని ఉన్న ప్యానెల్ మీద ఆ ఎండ ఏటవాలుగా జారిపోతుంది. ప్యానెల్ సూర్యుడికి ఎదురుగా నిలబడితే అందేదానిలో మూడో వంతుకు కాస్త పైన మాత్రమే నేరుగా దక్కుతుంది. దాన్ని ఎత్తి వాల్చి పెట్టగలిగితే చలికాలం దిగుబడి బాగా పెరుగుతుంది. జిగురుతో అంటించినదాన్ని ఎత్తలేం కదా. కీళ్లు పెట్టి బిగించండి. ఎత్తి ఉంచిన ప్యానెల్‌తో బండి కదిలితే ప్రమాదం కాబట్టి స్టీరింగ్ దగ్గర ఒక ఎర్ర దీపం పెట్టండి. ప్యానెళ్లు మార్చుకున్నాక, వాటిని ఎత్తడానికి మేం బయటి నుంచి నిచ్చెన వేసుకుని, తడిసిన పైకప్పు మీద మోకాళ్ల మీద పాకుతున్నాం.

అన్నిటికన్నా నన్ను ఎక్కువ బాధపెట్టింది మాత్రం నీడ.

ఆ చలికాలంలో ఒక రోజు ఆకాశంలో చిన్న మబ్బు తునక కూడా లేదు. ఎండ నిండుగా ఉంది. అయినా పొద్దున పదింటికి కంట్రోలర్ చూస్తే రావలసినదానిలో సగం కూడా రావడం లేదు. సుద్దముక్క తీసుకుని పైకెక్కాను. గంటగంటకూ ఎక్కి, ప్యానెళ్ల మీద నీడ అంచు ఎక్కడుందో గీత గీసి దిగాను. సాయంత్రానికి పైకప్పంతా గీతలే. పొద్దున తొమ్మిది నుంచి పదకొండున్నర దాకా ఏసీ పెట్టె నీడ ఒక ప్యానెల్ అంచున అడ్డంగా పడుతోంది. ఒంటిగంట తర్వాత గాలి కిటికీ మూత నీడ ఇంకో ప్యానెల్ మూల మీదికి వస్తోంది. నీడ పడ్డది జానెడు వెడల్పే. కానీ ఆ ప్యానెల్ లోపల 36 సెల్స్ ఒకదాని తర్వాత ఒకటి వరుసగా కలిపి ఉంటాయి. ఒక్క సెల్ మీద నీడ పడితే ఆ వరుసలో కరెంటుకు దారి బిగుసుకుపోతుంది. అందుకే 18 సెల్స్‌కి ఒకటి చొప్పున బైపాస్ డయోడ్ పెడతారు, అది ఆ సగాన్ని పక్కకు తప్పిస్తుంది. అప్పుడు ప్యానెల్ వోల్టేజీ కూడా సగానికి పడుతుంది. మా బండిలో నాలుగు ప్యానెళ్లనూ సమాంతరంగా కలిపారు. సగం వోల్టేజీతో 12 వోల్టుల బ్యాటరీలోకి కరెంటు ఎక్కదు. అంటే జానెడు నీడకు ఒక ప్యానెల్ మొత్తం పోయినట్టే.

ఆ పెట్టె నీడ చూస్తూ పైకప్పు మీదే చాలాసేపు కూర్చుండిపోయాను. ఆ ఏసీ నడవాలంటే 1200 వాట్ల పైన కావాలి. ఒక్క గంట నడిపితే మా బ్యాటరీల్లో వాడుకోదగ్గది మొత్తం ఖాళీ. బయటి కరెంటు తగిలిస్తే తప్ప మేం దాన్ని ఏనాడూ వేయలేదు. ఎండ కరెంటుతో మేం నడపలేని వస్తువు, మా ఎండకు అడ్డం కూర్చుంది. వేసవి మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు చూస్తే ఆ నక్షలో తప్పు కనిపించదు. చలికాలం పొద్దున్నే ఒకసారి చూడండి.

రెండో ఏడాది ఆ ప్యానెళ్లు పీకించి, గట్టి చట్రం ఉన్నవి తీసుకుని, ఏసీ పెట్టె నీడ పడని వైపు పెట్టించాం. వాట్లు పెంచలేదు, అదే 400. పాత కంట్రోలర్ పీడబ్ల్యూఎం రకం, ప్యానెల్ వోల్టేజీని బ్యాటరీ వోల్టేజీ దగ్గరికే లాగిపెడుతుంది. దాని బదులు, ప్యానెల్ ఎక్కువ శక్తి ఇచ్చే వోల్టేజీ దగ్గరే దాన్ని ఉంచే ఎంపీపీటీ రకం కంట్రోలర్ పెట్టి, ప్యానెళ్లను రెండేసి చొప్పున వరుసగా కలిపాం. తర్వాతి చలికాలం అదే నెలలో, దాదాపు అదే అక్షాంశంలో, సగటు 0.55. ఎండ ఒక ఏడాదిలాగే మరో ఏడాది ఉండదు కాబట్టి తేడా అంతా మా మార్పుదేనని అనను. కానీ మేఘం లేని రోజులను మేఘం లేని రోజులతో పోల్చి చూసుకున్నాను. ప్రతిసారీ పెరుగుదల కనిపించింది.

ఎండను ముందు పెట్టుకుని బండి గీస్తే ఎలా ఉంటుందో చూపించినవాళ్లు ఉన్నారు. 2021లో నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ సాంకేతిక విశ్వవిద్యాలయం విద్యార్థులు స్టెల్లా వీటా అనే సౌర క్యాంపర్ తయారు చేశారు. ఆగినచోట దాని పైకప్పు పైకి లేచి, ప్యానెళ్లు రెండు వైపులా విచ్చుకుని 17.5 చదరపు మీటర్లు అవుతాయి. లోపల 60 యూనిట్ల బ్యాటరీ. దానితో వాళ్లు స్పెయిన్ దక్షిణ కొసన ఉన్న టరీఫా దాకా వెళ్లారు. అలాంటి బండిని రేపే అమ్మమని అడగడం లేదు. మా బండి డీజిల్‌తోనే నడుస్తుంది, వంట గ్యాసు మీదే. నేను చూపిస్తున్నది వాళ్లు మొదలుపెట్టిన చోటు. వాళ్లు ముందు ఎండ లెక్క వేసుకుని, దానికి తగ్గట్టు బరువూ ఆకారమూ గీసుకున్నారు. మీరు బండంతా గీశాక పైన ఎక్కడ ఖాళీ మిగిలిందో అక్కడ ప్యానెళ్లు అంటిస్తున్నారు.

బ్యాటరీల సంగతి. ఇప్పుడు మీలో చాలామంది లిథియం ఐరన్ ఫాస్ఫేట్ ఇస్తున్నారు, మంచిది. మేమూ మార్చుకున్నాం. నిండా ఛార్జ్ అయినదానిలో దాదాపు అంతా వాడుకోవచ్చు, బరువు కూడా లెడ్‌లో సగం లోపే. కానీ సున్నా డిగ్రీల కింద దాన్ని ఛార్జ్ చేయకూడదు. చేస్తే లిథియం లోహంగా పేరుకుని సెల్ పాడవుతుంది. అందుకని బ్యాటరీ లోపల దాన్ని కాపాడే బీఎంఎస్ అనే సర్క్యూట్ ఛార్జింగ్‌ను ఆపేస్తుంది, అది ఆపడమే సరి. బ్యాటరీ పెట్టే అరను మాత్రం మీరు బయట, మెట్టు పక్కన, చుట్టూ వట్టి రేకుతో కట్టారు. మంచు కురిసిన మర్నాడు ఆకాశం తేటగా ఉంటుంది, ఎండ పుష్కలంగా ఉంటుంది, బ్యాటరీ మాత్రం చల్లగా మొద్దుబారి మధ్యాహ్నం దాకా ఒక్క ఆంపియరు కూడా తీసుకోదు. చలికాలపు చిన్న పగల్లో సగం అలా పోయిన రోజులు నా పుస్తకంలో తొమ్మిది ఉన్నాయి. బ్యాటరీని మనుషులున్న వైపు, వెచ్చగా ఉండేచోట పెట్టండి.

తీగల గురించి చెప్పేటప్పుడు నా గొంతు కాస్త పెరిగితే మన్నించండి, ఎందుకంటే అది ప్రాణాల మీదికి వచ్చే విషయం. 12 వోల్టుల దగ్గర 2000 వాట్ల ఇన్వర్టర్ పూర్తిగా పనిచేస్తే తీగలో 180 ఆంపియర్ల దాకా పోతుంది. అంత కరెంటు పోయేచోట ఒక్క బోల్టు వదులైనా అక్కడ కాలుతుంది. మా బండిలో బ్యాటరీ నుంచి ఇన్వర్టర్‌కి పోయే తీగకు ఫ్యూజు ఇన్వర్టర్ దగ్గర ఉంది, బ్యాటరీ దగ్గర లేదు. మధ్యలో ఆ తీగ ఒక రేకు కన్నంలోంచి వెళుతుంది, కన్నం అంచుకు రబ్బరు లేదు. దారి కుదుపులకు తీగ పై తొడుగు ఒరుసుకుపోయి, లోపలి రాగి దాదాపు బయటపడింది. అది రేకుకు తగిలి ఉంటే మధ్యలో ఆపేది ఏదీ లేదు, మేం పడుకునేది ఆ ఇన్వర్టర్ తీగ ఉన్న మంచం కింది అర పైనే. కంట్రోలర్ మార్చే రోజున మెకానిక్ దాన్ని చూశాడు కాబట్టి తెలిసింది. ఆ మెకానిక్‌కి కూడా, రివెట్లు కొట్టి మూసేసిన గోడ పలక విప్పడానికే ఒక పూట పట్టింది. తీగల నక్ష కోసం మేం ఉత్తరాలు రాస్తే అది బయటివారికి ఇవ్వబోమని జవాబు వచ్చింది.

మా ఇంట్లో తీగలు ఎటు పోతున్నాయో మాకు తెలియకూడదా? దారి మధ్యలో, మనిషి జాడ లేనిచోట, మేమే మెకానిక్‌లం. నక్ష కాగితం మీద అచ్చు వేసి తలుపు లోపలి వైపు అంటించండి. తీగకు రెండు చివర్లా అది ఏమిటో రాసిన చీటీ ఉండనివ్వండి. ఫ్యూజులు చేతికి అందేచోట, గోడ పలకలు మరలతో విప్పుకునేలా ఉండాలి. పెద్ద ఇన్వర్టర్ ఇచ్చే బండ్లలో 24 గానీ 48 గానీ వోల్టుల వ్యవస్థ పెడితే తీగలో పోయే కరెంటే తగ్గుతుంది. అదీ ఆలోచించండి.

బరువు గురించి ఒక్క మాట. ప్యానెళ్లు, అదనపు బ్యాటరీలు, నిండు నీళ్ల ట్యాంకు, ఇద్దరు మనుషులు, వాళ్ల బతుకంతా ఎక్కించాక ఇరుసు మోయగల బరువులో ఇంకెంత మిగులుతుందో చెప్పండి. 100 లీటర్ల నీళ్లు అంటేనే 100 కిలోలు. ఖాళీ బండి బరువు చెబితే ఉపయోగం లేదు.

కరెంటు వాడకం తగ్గించే పని కూడా చాలావరకు మీ చేతుల్లోనే ఉంది. గోడల్లో మంచి మందం ఇన్సులేషన్, రెండు పొరల కిటికీలు, ఫ్రిజ్ వెనక వేడి బయటికి పోయే దారి. మా ఫ్రిజ్ వెనక గాలి దారి సరిచేశాక దాని వాడకం రోజుకు 0.6 నుంచి 0.5 యూనిట్ల దగ్గరికి వచ్చింది. 0.1 చిన్నదిగా కనిపిస్తే, ముసురు రోజున పైకప్పు ఇచ్చేది అంతకన్నా తక్కువని గుర్తు చేస్తాను. బండి నడిచేటప్పుడు, ఇంజనుతో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ నుంచి బ్యాటరీలోకి ఎక్కించే డీసీ-డీసీ ఛార్జర్‌ను అదనపు సామానుగా అమ్ముతున్నారు. ముసురు నాలుగో రోజున మమ్మల్ని గట్టెక్కించేది అదే. 30 ఆంపియర్లది మూడు గంటల ప్రయాణంలో ఒక యూనిట్ పైన ఇస్తుంది. ఏడాదంతా ఉండే బండి అని అమ్మేటప్పుడు అది బండితోపాటే రావాలి.

మీ జవాబు ఊహించగలను. కొనేవారిలో ఎక్కువమంది ఏడాదికి రెండు మూడు వారాలు తిరిగేవాళ్లు, రాత్రికి బయటి కరెంటు తగిలించుకునేవాళ్లు, మీలాంటివాళ్లు కొద్దిమందే అంటారు. అలాగైతే బండి మీద ఆ మాటే రాయండి. "సెలవుల కోసం" అని రాస్తే మేం ఇంకో బండి చూసుకునేవాళ్లం. "ఎక్కడైనా, ఎన్నాళ్లయినా" అని రాశారు. ఆ మాట చదివి ఇల్లు వదిలేసినవాళ్లకు మీరు ఒక లెక్క బాకీ ఉన్నారు.

నేను అడిగే లెక్క అర పేజీలో పడుతుంది. ఈ పైకప్పు వేసవి నడుమ రోజుకు ఎన్ని యూనిట్లు ఇస్తుంది, చలికాలం నడుమ ఎన్ని ఇస్తుంది, రెండు మూడు అక్షాంశాల దగ్గర, ప్యానెల్ పడుకుని ఉంటే ఎంత, ఎత్తితే ఎంత. బ్యాటరీలో నిజంగా వాడుకోదగ్గది ఎంత. అన్నీ ఆపేసినా బండి తినేది ఎంత. ఎండ లేకుండా ఫ్రిజ్ ఎన్ని రోజులు నడుస్తుంది. ఆ చివరి అంకె నాకు మొదటి రోజే తెలిసి ఉంటే, ఆ ముసురు రాత్రి రెండింటికి నేను మంచం కింద టార్చి పట్టుకుని పాకే అవసరం ఉండేది కాదు.

నా దగ్గర మూడు నోటు పుస్తకాలున్నాయి. తేదీ, ఆ రోజు వచ్చిన యూనిట్లు, ఖర్చయినవి, ఆకాశం ఎలా ఉంది, ఏ డిగ్రీ అక్షాంశంలో ఉన్నాం, అన్నీ రాసినవి. సుద్ద గీతలతో ఉన్న పైకప్పు ఫోటోలు కూడా ఉన్నాయి. మీలో ఎవరైనా కొత్త బండి గీస్తుంటే అడగండి, నకళ్లు పంపిస్తాను. లేదా మీ ఇంజనీరునే ఒక చలికాలం పొద్దున మా దగ్గరికి పంపండి. నిచ్చెన నేను పట్టుకుంటాను, పైకెక్కి ఆ నీడ ఒకసారి తన కళ్లతో చూడనివ్వండి.

ఇట్లు,
నాలుగేళ్లుగా మీ బండిలో కాపురం చేస్తున్న
ఒక ఇల్లాలు